కాలువ గట్టున దొరికిన గౌరవము
(ఒంగోలు క్లౌ దొరగారి జీవితము)

మెదకు దేవాలయమును చూడని విశ్వాసి మన అధ్యక్ష మండలములో అరుదు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురము గల ఆ మందిరము 1914లో ఆరంభమై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. అది కట్టబడిన కథ మనలో చాలమంది చిన్ననాడు ఆదివారపు బడిలోనే విన్నాము. కరువు వచ్చి జనము అలమటించుచుండగా, చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు వారికి ఉచితముగా గింజలు పంచుటతో సరిపెట్టక, రాయి మోయు పని, సున్నము కలుపు పని చూపి, ఆ పనికి కూలి ఇచ్చి బ్రతికించినారని మన పెద్దలు చెప్పుదురు. మన గొప్ప మందిరము ఆకలిగొన్న వారి చేతుల కష్టము వలన లేచినదని చెప్పుకొనుట మనకు ఎంతో ఇష్టము.

ఈ శతవార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు మొదట మాకు పాస్నెట్ దొరగారే తలంపునకు వచ్చినారు. అయితే ఆయనను గూర్చి వ్రాయువారు మాకన్న తగినవారు ఉన్నారు. మేము మరి ఒకరిని జ్ఞాపకము చేయదలచినాము. మెదకులో పునాది పడుటకు 37 ఏండ్ల ముందే, కోస్తా ప్రాంతములో ఒక దైవసేవకుడు కరువు కాలమందు ఇట్టి పనినే తలపెట్టినాడు. ఆయన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు. ఆయన మన మిషనుకు చెందినవారు కారు, అమెరికను బాప్తిస్టు మిషను వారు. అయినను దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతపు మన సంఘములలో విజయవాడ రోడ్డు పట్టుకొని నల్లగొండ, ఖమ్మము, గుంటూరు, ప్రకాశము జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు అనేకము. వారిలో కొందరి ఇండ్లలో ఆ దొరగారి పేరు అవ్వతాతల నోట నిలిచియున్నది. అంతకు మించి, ఆయన ముందు నిలిచిన ప్రశ్న నేడు మన సంఘముల ముందు కూడ నిలిచియున్నది. అది ఏమనగా, కష్టములో ఉన్న మనుష్యునికి మనము ఏమి ఇచ్చినయెడల అతడు తిరిగి లేచి నిలువగలడు?

గొలుసు పట్టి నేల కొలిచిన యువకుడు

క్లౌగారు 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమందు ఫ్రూస్‌బర్గు సమీపమున జన్మించినారు. పేద కుటుంబము. మంచి నేల వెదకుకొనుచు వారి కుటుంబము పడమటి దిక్కునకు సాగి అయోవా ప్రాంతమునకు చేరినది. యౌవనమందే ఆయన ప్రభుత్వ సర్వే బృందములో చేరి, మిన్నెసోటా అడవులలో గొలుసు పట్టి నేల కొలుచు పని నేర్చినారు. న్యాయశాస్త్రము చదివి పేరు గడించవలెనని ఆయన కోరిక. అయితే చదువు కొరకు చేరిన కళాశాలలో ఆయన మనస్సు ప్రభువు వైపు తిరిగినది. చదువు ముగించి, కొంతకాలము బడిపంతులుగాను, గ్రామములలో క్రైస్తవ గ్రంథములు అమ్మువానిగాను పని చేసి, తరువాత మిషనెరీ సేవకు తన్ను తాను అప్పగించుకొన్నారు. నేల కొలిచిన ఆ అనుభవము ఏల అవసరమైనదో ఆయనకు ఇరువది ఏండ్ల తరువాత గాని తెలియలేదు.

ఆ రోజులలో తెలుగు మిషనును ఎవరును కోరుకొనలేదు. 1836లో శామ్యూల్ డే గారు దానిని ఆరంభించినారు గాని, ఏండ్లు గడచినను ఫలము కనబడనందున, మూసివేయవలెనను ఆలోచన అమెరికాలో ఒకటికి మూడుసార్లు వచ్చినది. ఒకే ఒక స్థలములో మిణుకుమనుచున్నందున దానికి ఒంటరి నక్షత్రమని పేరు వచ్చినది. నెల్లూరులో సేవ చేసిన లైమన్ జూయెట్‌గారు పట్టు విడువనందున అది నిలిచినది. 1864 చివరలో జూయెట్‌గారితో కలిసి క్లౌగారు, ఆయన భార్య హారియెట్ అమ్మగారు ఓడ ఎక్కి, 1865లో నెల్లూరు చేరినారు. మరుసటి సంవత్సరము ఒంగోలుకు కాపురము మార్చినారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిది మంది సభ్యులతో ఏర్పడినది.

మేర తెగిన ఇండ్లు

ఒంగోలులో మొదట దొరగారి బడికి పెద్ద కులముల పిల్లలు వచ్చినారు. వారి ద్వారా సువార్త పైనుండి క్రిందికి దిగునని ఆయన ఆశించినారు. ఇంతలో తలకొండపాడు నుండి యెర్రగుంట్ల పేరయ్యగారు వచ్చినారు. ఆయన తోళ్ళ వ్యాపారము చేయు మాదిగ సోదరుడు. రాజయోగ మార్గములో సత్యమును వెదకి వెదకి చివరకు క్రీస్తును కనుగొన్నవాడు. ఆయన మాట మీద మాదిగ పల్లెలు కదలినవి. మాదిగలను సంఘములో చేర్చుకొనినయెడల తాము రామని పెద్ద కులములవారు చెప్పినారు. ఆ దినమున దొరగారు, అమ్మగారు వేరు వేరు గదులలో ప్రార్థనతో బైబిలు తెరువగా, ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో దేవుడు లోకము ఎన్నికచేయని వారిని ఏర్పరచుకొన్నాడను భాగమే కనబడినదట. వారు పేదల పక్షమున నిలిచినారు. బడి ఖాళీ అయినది.

ఇక్కడ మనము ఆ నాటి పల్లె ఏర్పాటును అర్థము చేసికొనవలెను. మాదిగ కుటుంబము రైతుకు చెప్పులు కుట్టవలెను, మోటకు తోలు బాన కట్టవలెను, జాతరలో డప్పు కొట్టవలెను, పిలిచినప్పుడు వెట్టికి పోవలెను. దానికి ప్రతిగా కళ్ళము వద్ద మేర కొలిచి ఇచ్చెడివారు. చచ్చిన పశువు వారిది. అదియు ఒక ఆధారమే. ఏటికి ఇంత గింజ అను భరోసా అందులో ఉండెను. అయితే ఆ భరోసాకు వెల ఏమనగా, తల వంచి బ్రతుకుట. ఎంత బాగుగా పని చేసినను కొలత లేదు, అడుగుటకు హక్కు లేదు.

క్రొత్త విశ్వాసులకు దొరగారు మూడు నియమములు పెట్టినారు. ఆదివారము పని చేయరాదు. చచ్చిన పశువు మాంసము తినరాదు. విగ్రహములను పూజింపరాదు. వినుటకు ఇవి చిన్న మాటలే. కాని ఈ మూడు పాటించిన కుటుంబము పల్లె ఏర్పాటులో నుండి బయటికి నెట్టబడెను. డప్పు కొట్టనివానికి మేర ఎందుకని అడుగువారు. ఆదివారము రానివానిని సోమవారము పిలుచువారు కారు. ఆత్మకు విడుదల దొరికినది గాని చేతికి పని పోయినది. పాత ఆధారము తెగినవానికి క్రొత్త ఆధారము ఏది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండగా బోధించుట సులభము. క్లౌ దొరగారు ఆ ప్రశ్నను తప్పించుకొనలేదు. తప్పించుకొనుటకు కరువు ఆయనకు వీలు కూడ ఇయ్యలేదు.

ధాత కరువు

ధాత నామ సంవత్సరము, అనగా 1876లో వానలు లేవు. మరుసటి ఏడును అంతే. 1878 వరకు సాగిన ఆ కరువులో దక్షిణ భారతమందు లక్షల జనము నశించినారు. మద్రాసు రాజధాని ప్రాంతము ఘోరముగా దెబ్బతిన్నది. ప్రభుత్వము గంజి కేంద్రములను, కూలి పనులను తెరచినది. అయితే 1877 ఆరంభములో, ఖర్చు తగ్గించు నెపముతో రిచర్డ్ టెంపుల్ దొర కూలిని రోజుకు ఒక పౌను ధాన్యము, ఒక అణాకు తగ్గించినారు. అది పని చేయు మనిషికి చాలదని ప్రభుత్వ వైద్యాధికారులే మొరపెట్టగా, ఆ ఏడే మరల పెంచవలసి వచ్చినది.

కొరత కూలిలో మాత్రమే లేదు. పనిస్థలములో పై మేస్త్రీలు పల్లెలో ఏలిన కులములవారే. తిట్లు, దెబ్బలు, కొలతలో మోసము అక్కడ మామూలు. అందువలన మాదిగ మాల సోదరులలో చాలమంది ప్రాణము మీదికి వచ్చువరకు ఆ పనికి పోలేదు. పోయినవారును నిలువలేకపోయిరి. వారు సోమరులని కొందరు అధికారులు అనుకొన్నారు. వారు సోమరులు కారు. తినునది బలము చాలక, పొందునది మర్యాద లేక, వారి కాళ్ళు అటు కదలలేదు.

మూడు మైళ్ళ కాలువ

ఆ సమయమున కృష్ణా కాలువల నుండి మద్రాసు వరకు సముద్రతీరము వెంబడి బకింగ్‌హామ్ కాలువ త్రవ్వుచుండిరి. క్లౌ దొరగారు అందులో మూడు మైళ్ళకు పైబడిన భాగమును తామే కాంట్రాక్టు తీసికొన్నారు. మిషనెరీకి ఇది ఏమి పని అని నవ్వినవారు ఉండి ఉందురు. కాని గొలుసు పట్టి నేల కొలిచిన పాత సర్వేయరు ఆయన. మట్టి పని కొలత, గట్టు వాలు, గుంత లోతు ఆయనకు తెలియును. లాభము కొరకు కాక, కూలి జనమునకు చేరవలెనని ఆయన ఆ పని పట్టినారు.

రాజుపాలెము వద్ద ఇసుక నేలలో తాటాకు పాకలు లేచినవి. మంచినీటికి బావులు త్రవ్వించినారు. తమ ప్రసంగికులను పనికి పై మేస్త్రీలుగా నియమించినారు. ఈ చివరి మాటయే ఈ కథకు ఆయువుపట్టు. ఆ ప్రసంగికులు ఎవరు? ఆ కూలివారి మేనమామలు, బావమరదులు, పొరుగు పల్లె బంధువులు. ఎవడు ఏ ఊరివాడో, ఎవని ఇంట ఎందరు చచ్చినారో వారికి తెలియును. వారి నోట తిట్టు లేదు. పార పట్టలేని ముసలివానికి తేలిక పని చూపిరి. గుంత కొలిచి లెక్క కట్టి, ఆ లెక్క ప్రకారము కూలి చేతిలో పెట్టిరి. ఈ వార్త పల్లెలకు పాకినది. మిగిలిన చోట్ల నుండి విడిచి వచ్చినవారు అక్కడ పని అడిగిరి. మాదిగలే గాక ఇతర కులములవారును వచ్చిరి.

పని మధ్య విశ్రాంతి వేళలలో, సాయంకాలములలో ప్రసంగికులు జనము మధ్య కూర్చుండి ఓదార్పు మాటలు చెప్పెడివారు. ప్రయాసపడి భారము మోయువారిని పిలిచిన ప్రభువు మాట, మట్టి గంప దించి కూర్చున్న మనిషికి వేరే వివరణ లేకుండ అర్థమైనది. కలరా కూడ పాకలలో ప్రవేశించినది. కొందరు పారిపోయినారు, కొందరు చనిపోయినారు. మిగిలినవారిని ప్రసంగికులు విడిచిపోలేదు.

మేము వేదాంత కళాశాలలో చదివిన దినములలో ఈ ఘట్టమును సంఘ చరిత్రలో ఒక పేరాగా చదివి దాటిపోయినాము. సేవలోనికి వచ్చి ఏండ్లు గడచిన తరువాత మరల చదివినప్పుడు గాని దాని లోతు తెలియలేదు. తరతరములుగా మేర కొరకు కళ్ళము వద్ద చేయి చాచి నిలిచినవాడు, అక్కడ తాను త్రవ్విన గుంతకు లెక్క కట్టించుకొని కూలి పుచ్చుకొన్నాడు. అతని పనికి కొలత వచ్చినది. అతని పేరు పిలిచి లెక్క చెప్పువాడు వచ్చినాడు. ప్రాణము నిలిపినది ధాన్యమే. కాని వెన్ను నిలిపినది ఈ రెండే.

పదునైదు నెలలు

దొరగారు చేసిన మరియొక కార్యము మనము మరువరానిది. కరువు సహాయము సాగుచున్నంతకాలము, సుమారు పదునైదు నెలలు, ఆయన ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. వేలకొలది అడిగినను ఇయ్యలేదు. గింజల కొరకు విశ్వాసులైరను మాట రాకూడదని కొంత, ఆకలితో ఉన్నవాని మనస్సు స్వేచ్ఛగా నిర్ణయింపలేదని కొంత ఆయన ఆలోచన. లండను నగర మేయరు పేరిట వచ్చిన సహాయనిధి నుండి విత్తనములకు ధనము పంచబడునప్పుడు కూడ అట్లే ఉండిరి.

1878లో వానలు మొదలై, పంచుటకు ఇక ధనము లేదని తేల్చి చెప్పిన తరువాత, జూన్ నెలలో ప్రసంగికులను గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి రమ్మని కబురు పంపినారు. జనమును వెంటబెట్టుకొని రావద్దని చెప్పినను జనము ఆగలేదు. తమకు గింజ వద్దు, ధనము వద్దు, ప్రభువు బిడ్డలుగా చేర్చుకొనుడని బతిమాలిరి. పరీక్షించి చేర్చుకొనుట ఆరంభమైనది. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మము పొందిరి. జూలై 3న ఆరుగురు తెలుగు పాదిరులు ఇద్దరిద్దరుగా నదిలో దిగి వంతులవారీగా బాప్తిస్మమిచ్చిరి. దొరగారు తామే నదిలో దిగక, ఆ పనిని వారి చేతికే విడిచిపెట్టినారు. ఆ సంవత్సరము ముగియునప్పటికి చేరినవారు 9,000 దాటిరి.

నిండని లోటు

గొప్పవారి జీవితము వ్రాయునప్పుడు లోటు దాచుట మంచిది కాదు. ఒక్కసారిగా వేలమంది చేరగా వారికి బోధించు ఉపాధ్యాయులు చాలలేదు. ఎన్నో పల్లెలలో సంవత్సరముల తరబడి బడి లేదు, కాపరి లేడు. దొరగారు 1890 తరువాత అమెరికాకు పోయి, ధనమును క్రొత్త మిషనెరీలను కూడగట్టుకొని వచ్చినది ఈ లోటు పూడ్చుటకే. ఇంకొక లోటు ఇంతకన్న సున్నితమైనది. కాలువ పని ముగిసినది. పల్లెకు తిరిగి వచ్చినవానికి అదే కళ్ళము, అదే రైతు. అప్పుడు అతడు ఆపద వచ్చినప్పుడెల్ల దొరగారి బంగళా వైపు చూచుట నేర్చినాడు. రైతుకు బదులు దొర పెద్దదిక్కు అయినారు. ఒక మనిషి మీద ఆనుకొనిన ఆధారము ఆ మనిషితోనే కదలిపోవును. ఇది క్లౌ దొరగారి ఒక్కరి తప్పు కాదు. మన మిషనులన్నిటిలోను, నేటి మన పాస్టరేటులలోను ఈ లోటు ఉన్నది.

దొరగారు నలువది ఏండ్లకు పైగా తెలుగువారికి సేవ చేసి, 1910 నవంబరు 24న అమెరికాలోని రాచెస్టరులో ప్రభువునందు నిద్రించినారు. హారియెట్ అమ్మగారు మరణించిన తరువాత ఆయన వివాహము చేసికొన్న ఎమ్మా రౌషెన్‌బుష్ అమ్మగారు, ఆయన చెప్పిన జీవిత చరిత్రను 1914లో ప్రచురించినారు. అది మెదకు మందిరము ఆరంభమైన సంవత్సరమే. ఒంగోలులో నెలకొల్పబడిన క్లౌ స్మారక ఆసుపత్రికి ఆయన పేరు పెట్టబడినది.

మన వీధులలో

ఇప్పుడు మన వీధులకు వత్తము. తెల్లవారుజామున ఎల్.బి. నగర్ కూడలికి పోయినయెడల, తాపీ, పార, గంప చేతబట్టుకొని పని కొరకు నిలిచిన స్త్రీ పురుషులు కనబడుదురు. పది గంటలైనను పిలుపు రానివారు మాట లేక ఇంటిదారి పట్టుదురు. దినమంతయు ఎవరును తమ్మును పిలువలేదని చెప్పిన ద్రాక్షతోట ఉపమానపు కూలివారు మనకు మెట్రో స్తంభముల క్రిందనే ఉన్నారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉద్యోగ పరీక్షలకు చదువుచున్న బిడ్డలు ఉన్నారు. ఒక నోటిఫికేషను నుండి మరియొక నోటిఫికేషనుకు వయస్సు జరిగిపోవుచుండగా, పండుగకు ఇంటికి పోవుటకు కూడ సిగ్గుపడుదురు. వీరికి అన్నము లేదని కాదు. తాము ఎవరికైనను పనికి వత్తుమను నమ్మకము తగ్గిపోవుచున్నది.

మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. 2020లో లాక్‌డౌను కాలమందు మేము సేవ చేసిన సంఘములో పనులు పోయిన కుటుంబములకు బియ్యము, పప్పు పంచినాము. మంచి పనియే. అయితే పేర్లు చదివి పిలిచినాము, ఫోటోలు తీయించినాము. అందులో ఒక వడ్రంగి సోదరుడు ఉన్నాడు. సంచి తీసికొన్నాడు, మందిరములు మరల తెరచిన తరువాత ఆరాధనకు రాలేదు. భార్యాబిడ్డలు వచ్చిరి, అతడు రాలేదు. మేము పోయి అడిగిన ప్రతిసారి ఒంట్లో బాగులేదనెడివాడు. కొన్ని నెలల తరువాత మందిరపు కిటికీ రెక్కలు చెదలు పట్టగా, ఒక పెద్దగారు అతనిని పిలిపించి, బజారు ధర ప్రకారము కూలి మాట్లాడి, పని అప్పగించినారు. నాలుగు దినములు పని చేసినాడు. ఐదవ దినము ఆదివారము. తాను చేసిన కిటికీ ప్రక్కనే కూర్చున్నాడు. మేము ఆ దినమున ఏమి ప్రసంగించినామో మాకు జ్ఞాపకము లేదు. అతడు కూర్చున్న చోటు మాత్రము జ్ఞాపకమున్నది.

ఆ పెద్దగారు క్లౌ దొరగారి చరిత్ర చదివినవారు కారు. కాని ఆయన చేసినది అదే పని. కొలత గల పని ఇచ్చినారు, సరియైన కూలి ఇచ్చినారు, పేరు పెట్టి పిలిచినారు. దానికి ప్రతిగా ఆరాధనకు రమ్మని అడుగలేదు.

కనుక ఈ శతవార్షిక సంవత్సరములో మన సంఘములను మేము వినయముతో కోరునది ఇది. ఆకలి ఉన్నచోట అన్నము పెట్టుడి, కాని ఫోటో తీయకుడి. ప్రతి సంఘములో ఏ సోదరునికి ఏ పని వచ్చునో, ఏ సోదరికి ఏ విద్య తెలియునో ఒక పుస్తకములో వ్రాసి ఉంచుడి. మన ఇంటికి సున్నము వేయవలెనన్నను, బట్టలు కుట్టించవలెనన్నను, పిల్లలకు ట్యూషను చెప్పించవలెనన్నను ముందు ఆ పుస్తకము తెరచి చూడుడి, కూలి తగ్గించి అడుగకుడి. హాస్టలు బిడ్డలను చూడబోవునప్పుడు ఫలితము ఏమైనదని మాత్రమే అడుగక, ఆదివారపు బడిలో ఒక తరగతిని వారి చేతికి అప్పగించుడి. ఈ ఏర్పాటు కాపరి ఒక్కని మీద ఆనక, కాపరి బదిలీ అయినను నిలుచునట్లు సంఘ పెద్దలు దానిని చేతబట్టవలెను.

మెదకు మందిరపు రాళ్ళను మోసినవారి పేర్లు మనకు తెలియవు. బకింగ్‌హామ్ కాలువ త్రవ్వినవారి పేర్లును తెలియవు. కాని పని వేళ వారిని పేరు పెట్టి పిలిచినవారు ఉండిరి. మన మధ్య ఉన్నవారిని అట్లు పేరు పెట్టి పిలుచు కృప ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.